అభిమానం, అంతస్తు, నిరాకరణ: ‘దేవదాసు’ కథలో పార్వతి మాట

వ్యాససంగ్రహం

శరత్‌చంద్ర చటోపాధ్యాయ రచించిన ‘దేవదాసు’ను తెలుగు పాఠకులు, ప్రేక్షకులు ప్రధానంగా ఒక భగ్నప్రేమికుని విషాదగాథగా స్వీకరించారు. ఆ కథలో రెండు వివాహ నిరాకరణలు ఉన్నాయి. మొదటిది అంతస్తును ఆధారం చేసుకుని జమీందారు కుటుంబం చేసిన నిరాకరణ. రెండవది చెరువు రేవు దగ్గర పార్వతి స్వయంగా చేసిన నిరాకరణ. మొదటిదానిపై జరిగినంత చర్చ రెండవదానిపై జరగలేదు. తెలుగులో ‘అభిమానం’ అనే పదానికి గల రెండు అర్థాలను ఆధారంగా చేసుకుని, జేన్ ఆస్టిన్ నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’, ‘మల్లీశ్వరి’ చలనచిత్రం, ‘శ్రీరంగరాజ చరిత్ర’ నవలలతో పోలుస్తూ, కాదనే అధికారం ఎవరిదన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అభిమానం, అంతస్తు, వివాహ నిరాకరణ, మేనరికం, కన్యాశుల్కం, దేవదాసు, శ్రీరంగరాజ చరిత్ర.

1. ప్రవేశిక

తెలుగులో ‘అభిమానం’ అనే మాట ఒకదానితో ఒకటి పొసగవనిపించే రెండు భావాలను మోస్తుంది. ‘ఆమె అభిమానవంతురాలు’ అన్నప్పుడు అది ఆత్మగౌరవం. ‘ఆయనంటే నాకెంతో అభిమానం’ అన్నప్పుడు అది ఆప్యాయత. సంస్కృతంలో ఈ పదానికి గర్వమనే అర్థం ప్రసిద్ధం. తెలుగు వాడుకలో గర్వమూ ప్రేమా ఒకే పదం కింద కాపురం చేస్తున్నాయి. ఒకరి మీద అభిమానం ఉన్న చోటనే అభిమానం దెబ్బతింటుందని ఈ భాష మాట్లాడేవారికి విడమరచి చెప్పనక్కరలేదు.

పెళ్లి సంబంధం కాదనిపించుకున్న సందర్భం ఈ రెండు అర్థాలూ ఎదురుపడే చోటు. అక్కడ దెబ్బతినే అభిమానాన్ని మన సమాజం సాధారణంగా ఇంటికి ఆపాదిస్తుంది. ‘మా గడప తొక్కి అడిగితే కాదన్నారు’ అనే మాటలో కర్త కుటుంబమే. ఎవరి పెళ్లి గురించి ఆ మాట నడిచిందో ఆ అమ్మాయి ఆ వాక్యంలో కనిపించదు. కాల్పనిక సాహిత్యం చేయగలిగిన పని ఆమెను ఆ వాక్యంలోకి తీసుకురావడం. ఆ పనిని ‘దేవదాసు’ ఒక్క సన్నివేశంలో చేసింది. ఆ సన్నివేశానికి దక్కవలసిన స్థానం తెలుగు పఠనంలో దక్కలేదన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

2. కాదనే అధికారం: ఆస్టిన్ నవల ఒక కొలమానంగా

వివాహ నిరాకరణను కథకు మూలస్తంభంగా నిలిపిన నవలల్లో 1813లో వెలువడిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ ప్రసిద్ధమైనది. ఇంగ్లీషు సాహిత్య పాఠ్యాంశంగా అది మన కళాశాలలకు చిరపరిచితమే. అందులో ఎలిజబెత్ బెన్నెట్ రెండు ప్రస్తావనలను తోసిపుచ్చుతుంది. మొదటిది కాలిన్స్ అనే మతాచార్యునిది. తండ్రి ఆస్తి మగసంతానం లేనందువల్ల అతనికే దక్కుతుంది కనుక అతణ్ణి చేసుకుంటే తల్లికీ అక్కచెల్లెళ్లకూ నిలువనీడ ఉంటుంది. అయినా ఆమె కాదంటుంది. ఆడపిల్ల నిజంగానే కాదంటున్నదని కాలిన్స్ నమ్మలేకపోవడం హాస్యంగా చిత్రితమైనా, అందులో ఒక సామాజిక సత్యం దాగి ఉంది. ఆస్తి ఉన్నవాడికి స్త్రీ నిరాకరణ వినిపించదు.

రెండవది డార్సీది. అతడు ప్రేమను ప్రకటిస్తూనే ఆమె కుటుంబపు తక్కువస్థాయిని, ఆ స్థాయిని దాటి దిగిరావడానికి తాను పడిన యాతనను ఏకరువు పెడతాడు. ఆమె అతని సంపదను కాక ప్రవర్తనను కొలిచి కాదంటుంది. ఈ నిరాకరణ తరువాత అతడు ఉత్తరం రాస్తాడు, తనను తాను సరిదిద్దుకుంటాడు. నవల రెండవ సగమంతా ఆ ‘కాదు’ ఫలితమే.

ఎలిజబెత్‌కు ఈ వెసులుబాటు ఊరికే రాలేదు. ఆమెకు ఇరవై ఏళ్లు. కాలిన్స్ విషయంలో తల్లి ఒత్తిడి చేసినా తండ్రి ఆమె పక్షాన నిలిచాడు. అన్నిటినీ మించి, ప్రస్తావన నేరుగా ఆమె ముందుకే వచ్చింది. జవాబు చెప్పే నోరు ఎవరిదన్న సందేహం అక్కడ లేదు. ‘దేవదాసు’లో ఈ మూడూ లేవు. కనుక ఆ నవలను ఈ కథకు ఆదర్శంగా కాక, ఇక్కడ లేనిదేమిటో తెలుసుకోవడానికి కొలమానంగా మాత్రమే వాడుకోవాలి.

3. శుల్కం, పొరుగు, అంతస్తు: పెద్దల నిరాకరణ

‘దేవదాసు’ నవల 1917లో అచ్చయింది. చక్రపాణి వంటి అనువాదకుల కృషివల్ల శరత్ నవలలు తెలుగు ఇళ్లలో తెలుగు నవలలంత చనువుగా చెలామణి అయ్యాయి. 1953లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి నటించిన చలనచిత్రం ఆ కథను నిరక్షరాస్యుల దాకా తీసుకుపోయింది. అందువల్ల దీనిని తెలుగు సాంస్కృతిక జ్ఞాపకంలో భాగంగా పరిగణించడం సమంజసం.

నవలలో పెళ్లి ప్రస్తావన తెచ్చేది పార్వతి నాయనమ్మ. దేవదాసు తల్లికి ఆ పిల్ల మీద మమకారం ఉంది. అయినా నారాయణ ముఖర్జీ ఇల్లు ఒప్పుకోదు. చెప్పిన కారణాలు రెండు: చక్రవర్తుల ఇల్లు ఆడపిల్లకు డబ్బు పుచ్చుకునే ఇల్లు, పైగా పక్కిల్లు. ఇరుగుపొరుగు వియ్యం గౌరవంగా ఉండదని వారి భావన.

మొదటి కారణం తెలుగు పాఠకునికి వెంటనే అందుతుంది. 1892లో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో సమగ్రంగా మారిన రూపంలో వచ్చిన గురజాడ ‘కన్యాశుల్కం’ ఆ ఆచారాన్ని మనకు చిరస్మరణీయం చేసింది. అయితే గురజాడ నాటకంలో శుల్కం ఒక దురాచారం. శరత్ నవలలో అది ఒక కొలబద్ద. పిల్లను ఇచ్చి డబ్బు పుచ్చుకునే ఇల్లు తక్కువది, పిల్లతో పాటు డబ్బు పుచ్చుకునే ఇల్లు ఎక్కువది. లావాదేవీ రెండు చోట్లా ఉంది. దాని దిశ మాత్రమే అంతస్తును నిర్ణయిస్తున్నది. జమీందారు ఇంటి గర్వం నైతికతను ఆశ్రయించినట్లు కనిపించినా, దాని పునాది ఈ లెక్కే.

ఈ నిరాకరణకు పార్వతి తండ్రి నీలకంఠ చక్రవర్తి స్పందించిన తీరు మరింత గమనార్హం. తన కూతురి పెళ్లికి ఎవరినీ ప్రాధేయపడనక్కరలేదని ఆయన పంతం పట్టాడు. అనతికాలంలోనే హాతిపోతా జమీందారు భువన చౌధురి సంబంధం కుదిర్చాడు. వరుడు నడివయస్కుడు, భార్య పోయినవాడు, ఎదిగిన పిల్లలున్నవాడు. పార్వతికి పదమూడేళ్లు. ముఖర్జీ గర్వానికి చక్రవర్తి గర్వం ఇచ్చిన సమాధానం ఇది. పిల్లనిచ్చే ఇల్లని తమను తక్కువ చేసినవారికి జవాబుగా, పిల్లను ముసలి ధనికునికి కట్టబెట్టిన తండ్రి ఆ నిందనే నిజం చేశాడు. రెండిళ్ల అభిమానాల మధ్య నలిగింది మూడవ అభిమానం. దానిని ఆ దశలో ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

4. ఉత్తరం చేసిన పని

పార్వతి ఈ పరిస్థితిని మౌనంగా భరించలేదు. ఒక రాత్రి ఒంటరిగా దేవదాసు గదికి వెళ్లింది. ఆ కాలపు, ఆ వయసు ఆడపిల్ల పరువును పణంగా పెట్టి వేసిన అడుగది. తన గౌరవానికి ఏమవుతుందోనని దేవదాసు కలవరపడ్డాడు. ఆమె భయపడలేదు. ఈ సన్నివేశాన్ని ప్రణయ సాహసంగా చదవడం అలవాటైంది. నిజానికి ఇది ఒక ప్రస్తావన. పెద్దల నోట కాదనిపించుకున్న సంబంధాన్ని ఆమె తన నోటితో మళ్లీ అడిగింది. ఆ సందర్భంలో ఆమెకు గర్వం లేదు. అభిమానానికి గల రెండవ అర్థం, అంటే ఆప్యాయత మాత్రమే ఉంది.

దేవదాసు తండ్రిని ఎదిరించలేక కలకత్తా వెళ్లిపోయి, అక్కడి నుంచి ఉత్తరం రాశాడు. తనకు ఆమె మీద అంతటి ప్రేమ ఉన్నట్టు ఎన్నడూ తోచలేదని అందులో చెప్పాడు. వారి ఇల్లు తక్కువదని తన ఇంట్లో అన్న మాటనే తానూ అక్షరబద్ధం చేశాడు. ఉత్తరం పంపిన వెంటనే పశ్చాత్తాపపడ్డాడన్నది నిజమే. అయినా చేతిరాత తనది. అంతదాకా పెద్దలదిగా ఉన్న నిరాకరణ ఆ ఉత్తరంతో అతనిదైంది.

ఇక్కడ డార్సీ ఉత్తరంతో పోలిక అనివార్యం. డార్సీ నిరాకరణను పొందిన తరువాత ఉత్తరం రాశాడు. అందులో తన చర్యలకు సంజాయిషీ ఉంది, ఎదుటి వ్యక్తి వివేచన మీద నమ్మకం ఉంది. దేవదాసు నిరాకరిస్తూ ఉత్తరం రాశాడు. అందులో సంజాయిషీ స్థానంలో అరువు తెచ్చుకున్న అంతస్తు భాష ఉంది. ఒక ఉత్తరం గర్వాన్ని కరిగించింది, మరొకటి ఆప్యాయతను గర్వంగా గడ్డకట్టించింది.

5. రేవు దగ్గర పార్వతి

పశ్చాత్తాపంతో తిరిగివచ్చిన దేవదాసు చెరువు రేవు దగ్గర పార్వతిని కలిశాడు. తల్లిదండ్రులను ఎలాగో ఒప్పిస్తానన్నాడు. ఈసారి పార్వతి కాదన్నది. ఆమె వాదంలో మూడు మెట్లున్నాయి. నీకు తల్లిదండ్రులున్నట్టే నాకూ ఉన్నారు, వారి సమ్మతి అక్కరలేదా అన్నది మొదటిది. తనను చేసుకోబోయే మనిషి నిలకడ గలవాడు, నీవు చంచలుడవు అన్నది రెండవది. రూపంలోనూ గుణంలోనూ తాను తీసిపోనని, తన తండ్రి బిచ్చమెత్తడం లేదని, త్వరలో ధనంలోనూ సమానురాలనవుతానని చెప్పడం మూడవది.

మొదటి మెట్టు ముఖర్జీ కుటుంబపు తర్కానికి అద్దం పట్టింది. పెద్దల మాట ఒక ఇంటికి వేదమైతే మరో ఇంటికి ఎందుకు కాదన్న ప్రశ్నకు దేవదాసు దగ్గర సమాధానం లేదు. తాను వస్తానంటే ఆ ఇల్లు కళ్లకద్దుకుంటుందన్న ధీమాతోనే అతడు వచ్చాడు. కాలిన్స్‌కు ఉన్న ధీమా కూడా అదే. రెండవ మెట్టు ఎలిజబెత్ తర్కానికి సన్నిహితం: ఇంటి స్థాయిని పక్కన పెట్టి మనిషి నడవడిని తూచడం. మూడవ మెట్టులో మాత్రం పార్వతి ప్రత్యర్థి ఆయుధాన్నే పట్టుకుంది. కాబోయే భర్త సంపదను తన గౌరవంగా చూపడం అంతస్తు భాషకు లొంగిపోవడమే.

ఈ లొంగుబాటును చూపి, ఇది స్వతంత్ర నిర్ణయం కాదని, కోపంలో పుట్టిన పంతమేనని, ఆ ‘కాదు’ ఆమెను తండ్రి నిశ్చయించిన పెళ్లికే అప్పగించిందని వాదించవచ్చు. ఆ వాదంలో బలం ఉంది. పార్వతికి మూడవ దారి లేదు. అయితే దారులు లేని చోట మాటకు విలువ లేదనడం సరికాదు. ఆమె జీవితాన్ని గురించి ముగ్గురు పురుషులు మూడు నిర్ణయాలు చేశారు. ఆమె నోట వచ్చిన నిర్ణయం ఇది ఒక్కటే. కారణాలు చెప్పి మరీ కాదన్నది ఆమె ఒక్కతే. అంతస్తు భాషను అరువు తెచ్చుకున్నదంటే, ఆమెకు అందుబాటులో ఉన్న గౌరవభాష మరొకటి లేకపోవడమే కారణం.

దేవదాసు ఈ నిరాకరణకు సమాధానంగా ఆమె గర్వం మితిమీరిందని, చంద్రునికి మచ్చ ఉన్నట్టు ఆమెకూ ఒక మచ్చ ఉండాలని చేతిలోని గాలపు కర్రతో నుదుటి మీద కొట్టాడు. కాదన్న పెద్దలకు ఏ శిక్షా లేదు. కాదన్న పురుషునికి పశ్చాత్తాపం మిగిలింది. కాదన్న ఆడపిల్లకు నెత్తురు కారింది. నిరాకరణ ఎవరి నోట వచ్చిందన్నదాన్ని బట్టి దాని మూల్యం మారుతుందని నవల ఇంతకన్న స్పష్టంగా చెప్పనక్కరలేదు. ఆ మచ్చను పార్వతి తరువాత ప్రేమచిహ్నంగా దాచుకోవడం కథలోని కరుణరసానికి పోషకమే. కానీ ఆ కరుణలో మునిగి పాఠకుడు దెబ్బను ముద్దుగా మార్చి చదివే ప్రమాదం కూడా అక్కడే ఉంది.

6. మేనరికం నేపథ్యంలో తెలుగు పఠనం

‘దేవదాసు’ తెలుగునేలకు చేరినప్పుడు ముఖర్జీ ఇంటి రెండవ కారణం బలహీనపడింది. పక్కింటివారితో వియ్యం నామోషీ అన్న భావన ఇక్కడివారికి అంతగా అంటదు. బెంగాలీ హిందూ కుటుంబాల్లో మేనరికం నిషిద్ధం. తెలుగునాట, మరీ ముఖ్యంగా రాయలసీమ పల్లెల్లో, అది హక్కుగా చలామణి అయిన ఆచారం. కలిసి పెరిగి, ఆడుకుని, కొట్టుకుని, అలిగి, ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకునే జంట అనగానే తెలుగు మనసుకు తోచేది బావామరదళ్లు. దేవదాసు, పార్వతులను తెలుగు ప్రేక్షకుడు ఆ చట్రంలోనే పొదువుకున్నాడని భావించవచ్చు. అందువల్ల పెద్దల నిరాకరణ అతనికి ఒక ప్రస్తావనను తోసిపుచ్చడంగా కాక, ఉన్న హక్కును కొల్లగొట్టడంగా తోచింది.

ఇందుకు సమాంతర సాక్ష్యం ‘దేవదాసు’ కంటే రెండేళ్ల ముందు, 1951లో, కడప జిల్లాకు చెందిన బి.ఎన్. రెడ్డి తీసిన ‘మల్లీశ్వరి’. అందులో నాగరాజు, మల్లీశ్వరి బావామరదళ్లు. మల్లీశ్వరి తల్లి నాగమ్మ అతని పేదరికాన్ని చూపి కాదంటుంది. నాగరాజు ధనం సంపాదించుకు రావడానికి ఊరు విడిచిపోతాడు. ఇంతలో రాజాస్థానం నుంచి పల్లకి వస్తుంది. సిరికి ఆశపడిన తల్లి కూతుర్ని పంపుతుంది. అంతఃపురంలోకి వెళ్లిన పిల్లకు బయటి ప్రపంచంతో సంబంధం తెగిపోతుంది.

ఈ కథకూ ‘దేవదాసు’కూ మధ్య ఒక తేడా ముఖ్యమైనది. నాగమ్మ నిరాకరణలో బంధుత్వం అడ్డు కాదు, డబ్బు అడ్డు. మేనరికమనే హక్కు కూడా సంపద ముందు నిలవదని ఆ సినిమా చూపించింది. తిరిగి కలిపేందుకు రాజు కరుణ కావలసివచ్చింది. అయితే మల్లీశ్వరికి కూడా కాదనే సందర్భం రాలేదు. పల్లకి ఎక్కించినప్పుడు ఆమె ఏడ్చింది కానీ ఆ కన్నీటిని ఎవరూ జవాబుగా స్వీకరించలేదు. మేనరికం హక్కు అన్నప్పుడు ఆ హక్కు ఎవరిదన్న ప్రశ్న ఇక్కడ తలెత్తుతుంది. అది వరుని హక్కు, వరుని ఇంటి హక్కు. మరదలు ఆ హక్కుకు కర్త కాదు, కర్మ. బావ మంచివాడైనందువల్ల కథలో ఆ సంగతి మరుగునపడింది.

7. ‘శ్రీరంగరాజ చరిత్ర’: అంతస్తుకు దొరికిన తొలి పరిష్కారం

తెలుగు నవల అంతస్తు సమస్యను తొలిదశలోనే ఎదుర్కొన్నది. వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ కంటే ముందే, 1872లో, నరహరి గోపాలకృష్ణమశెట్టి ‘శ్రీరంగరాజ చరిత్ర’ ప్రచురించారు. తొలి తెలుగు నవల ఏదన్న చర్చలో ఈ పేరు తప్పక వినిపిస్తుంది. ఆయన డిప్యూటీ కలెక్టరు. 1886లో వెలువడిన కర్నూలు జిల్లా మాన్యువల్‌కు కర్త. నేడు నంద్యాల జిల్లాలో ఉన్న ప్యాపిలి ప్రాంతం అప్పటి కర్నూలు జిల్లాలోనిదే. కులాలను, వృత్తులను, ఆచారాలను పాలనాధికారి దృష్టితో నమోదు చేసిన కలమే, అంతకు ముందు కులాల మధ్య గోడను దాటే ప్రేమను కల్పన చేసిందన్నది సాహిత్య చరిత్రలో ఆసక్తికరమైన విషయం.

రాచకుటుంబానికి చెందిన రంగరాజు, లంబాడీల మధ్య పెరిగిన సోనాబాయిని ప్రేమించడం ఇందులోని ఇతివృత్తం. ఆమె పుట్టుకతో లంబాడీ కాదని, నాయకునికి తగిన కులంలో పుట్టినదేనని తేలడంతో వారి వివాహానికి అడ్డు తొలగిపోతుంది. ప్రేమ కులాన్ని ప్రశ్నించడానికి సాహసించింది. కథ ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ప్రశ్ననే రద్దుచేసింది. సోనాబాయి నిజంగా తండాలో పుట్టిన పిల్లే అయివుంటే ఏం జరిగేదన్నది నవల బయటే మిగిలిపోయింది.

ఈ మూడు కథలను వరుసలో పెట్టి చూస్తే, నిరాకరణ నుంచి తప్పించుకునే మూడు ఉపాయాలు కనిపిస్తాయి. ‘శ్రీరంగరాజ చరిత్ర’ పుట్టుక రహస్యాన్ని విప్పి అంతస్తులను సమం చేసింది. ‘మల్లీశ్వరి’ రాజు కరుణను రప్పించింది. ‘దేవదాసు’ ఏ ఉపాయాన్నీ ఆశ్రయించలేదు. పార్వతి పుట్టుకలో రహస్యం లేదు, ఆమెను కాపాడే రాజు లేడు. ఆమెకు మిగిలింది నోరు ఒక్కటే. ఆ నోటిని ఆమె వాడుకున్నది. ఈ కారణం చేతనే రేవు సన్నివేశం తక్కిన కథలకన్న కఠినమైనది, నిజాయితీ గలది.

8. నామవాచకమైన దేవదాసు

ఒక పాత్రను సమాజం ఎలా గుర్తుంచుకున్నదో తెలియడానికి భాషను మించిన సాక్ష్యం లేదు. తెలుగులో ‘దేవదాసు’ సామాన్య నామవాచకమైంది. గడ్డం పెంచుకున్నవాడు, తాగుబోతైనవాడు, ప్రేమలో ఓడినవాడు ఎవడైనా దేవదాసే. కాదన్న అమ్మాయిని ‘పార్వతి’ అనే అలవాటు మాత్రం పుట్టలేదు. కాదనిపించుకున్న పురుషుని దుఃఖానికి భాష ఒక పేరు కేటాయించింది. కాదన్న స్త్రీ వివేచనకు పేరు పెట్టలేదు. పైగా ఆమెకు సిద్ధంగా ఉన్న మాట ‘పొగరు’. అదే గుణం పురుషునిలో ఉంటే ‘పౌరుషం’, ఇంటికి ఉంటే ‘పరువు’.

ఈ పదాల పంపకం సాహిత్య విమర్శకు వెలుపలి విషయం కాదు. ప్రేమను కాదన్న విద్యార్థినిపై దాడి, ఇష్టపడి పెళ్లి చేసుకున్న జంటపై పరువు పేరిట హత్య అనే వార్తలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వస్తూనే ఉన్నాయి. మొదటిదానిలో ఆడపిల్ల ‘కాదు’ అనడం నేరమైంది. రెండవదానిలో ‘ఔను’ అనడం నేరమైంది. రెండు చోట్లా శిక్షకు గురవుతున్నది ఆమె నిర్ణయమే. ఇటువంటి కాలంలో తరగతి గదిలో రేవు సన్నివేశాన్ని ప్రణయకలహంగా బోధించడం నిర్దోషమైన పని కాదు. ఆ దెబ్బను దెబ్బగా చదవడం రచయిత ఉద్దేశానికి విరుద్ధం కూడా కాదు. ఆ గాయాన్ని శరత్ పార్వతి ముఖం మీద చివరిదాకా నిలిపి ఉంచాడు.

నవల ముగింపు ఇందుకు మరో ఆధారం. మరణించేందుకు ఆమె ఊరు చేరిన దేవదాసు హాతిపోతా ఇంటి వాకిట ప్రాణం విడిచాడు. అతని పేరు తెలిసి పరుగెత్తిన పార్వతిని గడప దాటనివ్వలేదు. కథ మొదట్లో ఆమెను లోపలికి రానివ్వని ఇల్లు ఒకటి, చివర బయటికి పోనివ్వని ఇల్లు మరొకటి. రెండూ జమీందారు ఇళ్లే. రెండిటికీ కాపలా పరువే. ఈ రెండు గడపల మధ్య రేవు ఒక్కటే ఏ ఇంటికీ చెందని చోటు. ఆమె తన మాట చెప్పగలిగింది అక్కడే.

9. ముగింపు

వివాహ నిరాకరణ చుట్టూ అల్లిన ఈ కథల్లో అంతస్తు ప్రశ్నకు రకరకాల సమాధానాలు ఉన్నాయి. కాదనే అధికారం ఎవరిదన్న ప్రశ్నను సూటిగా ఎదుర్కొన్నది ‘దేవదాసు’లోని పార్వతి. ఆమె నిరాకరణ ఎలిజబెత్ నిరాకరణలా ఎదుటివానిని సంస్కరించలేదు, ఆమెకు సుఖాన్ని ఇవ్వలేదు, అంతస్తు భాష నుంచి పూర్తిగా విడివడలేదు. అయినా అది ఇంటి గౌరవానికీ వ్యక్తి ఆత్మగౌరవానికీ మధ్య గీత గీసింది. తెలుగు పఠనం ఆ కథను మేనరికపు చట్రంలోకి తెచ్చుకుని, హక్కు కోల్పోయిన పురుషుని పక్షాన కన్నీరు కార్చింది. ఆ కన్నీరు అబద్ధం కాదు, కానీ అసంపూర్ణం.

తెలుగు కాల్పనిక సాహిత్యంలో పెళ్లి చూపులు, సంబంధాల వేట, కాదనిపించుకున్న సందర్భాలు కోకొల్లలు. వాటిని ఎవరు అడిగారు, ఎవరు జవాబిచ్చారు, ఎవరు మూల్యం చెల్లించారు అనే మూడు ప్రశ్నలతో తిరిగి చదవవలసి ఉంది. ఆ పఠనం జరిగితే అభిమానం అనే పదంలోని రెండు అర్థాలకూ స్త్రీ పాత్రలు హక్కుదారులవుతాయి. ఆప్యాయతను వారికి మన విమర్శ ఎప్పుడూ ధారాళంగానే ఇచ్చింది. ఆత్మగౌరవం విషయంలోనే బాకీ ఉంది.